కర్వేలాస్ మనవడి పేరు

మురియా, మెస్సీనియా
నవంబర్ 14, 1933

తమ్ముడు పెరియాండ్రోస్‌కి,

నువ్వు పంపిన శాలువా అందింది. నల్లది పంపావు, బతికిపోయావు. రంగుది పంపి ఉంటే అదే బస్సులో తిప్పి పంపేదాన్ని. ఆలివ్ కాయలు దులపడం మొన్నటితో అయింది. కాయ చిన్నదే కానీ నూనె బాగా దిగింది. నీకు రెండు డబ్బాలు వేశాను. ఏథెన్స్‌లో నూనె పేరుతో ఏం పోస్తున్నారో నాకు తెలుసు.

శుక్రవారం పొద్దున్నే ఊళ్ళో ఒకటే తుపాకుల మోత. మళ్ళీ ఏ ప్రభుత్వమో పడిపోయిందనుకుని తలుపు గడియ వేసుకున్నాను. తీరా చూస్తే జెనోఫోన్ కర్వేలాస్‌కి మనవడు పుట్టాడట. వాడి కొడుకు మెనేలాస్‌కి ముగ్గురు ఆడపిల్లల తరవాత మగపిల్లాడు. డెబ్బై ఏళ్ళ ముసలాడు వరండాలో నిలబడి తన చేత్తో తనే పేల్చాడని పక్కింటి స్తమాతా వచ్చి చెప్పింది. చెప్తూ నా ముఖంలోకి చూసింది. నేను కాయలు ఏరుకుంటూనే ఉన్నాను.

ఏటా ఈ రోజుల్లో నీకు ఒకటే సంగతి రాస్తాను. ఈసారీ రాస్తాను. ఎందుకంటే ఏథెన్స్ గాలికి మనుషులు చాలా మర్చిపోతారని విన్నాను.

మన అన్నయ్య ఎఫ్తీమియోస్ ఈ ఊరి బళ్ళో పిల్లలకి అక్షరాలు నేర్పేవాడు. పదిహేడేళ్ళ కిందట, డిసెంబర్‌లో, రాజుగారి మనుషులు ఊరి చివర గొయ్యి తవ్వించి, రాజుని ఎదిరించిన మంత్రిని శపిస్తూ ఇంటింటి నుంచీ ప్రతివాళ్ళూ వచ్చి ఒక్కో రాయి వెయ్యాలన్నారు. ఫాదర్ వేశాడు, ఊరు వేసింది. అన్నయ్య వెయ్యనన్నాడు. "రాళ్ళు విసరొద్దని పిల్లలకి రోజూ చెప్పేవాణ్ణి, నేనెట్లా విసురుతానయ్యా?" అన్నాడు. బళ్ళో తుపాకులు దాచారని కర్వేలాస్ ఆ రోజే ఒక కాగితం రాశాడు. ఆ ఒక్క సంతకంతో అన్నయ్యని కలమాతా జైలుకి పట్టుకుపోయారు. నలభై రోజులకి చొక్కా తిరిగొచ్చింది, మనిషి రాలేదు.

ఆ చొక్కా మీద చెయ్యి వేసి నువ్వు ఏమన్నావో నాకు గుర్తుంది. లా చదువుతానన్నావు, వాడికి ఊళ్ళో తలెత్తే చోటు లేకుండా చేస్తానన్నావు. చదివావు, వకీలువయ్యావు, రెండుసార్లు పార్లమెంటులో కూర్చున్నావు. వాడు మాత్రం ఇంకా అదే వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

ఆ దారిన నేను నడవను. రాళ్ళ కుప్ప అక్కడే ఉంది.

అక్క
అసిమీనా


ఏథెన్స్
డిసెంబర్ 3, 1933

అక్కా,

నూనె అందింది, తిట్లు కూడా అందాయి. రెండూ ఈ ఏటివే, తాజాగా ఉన్నాయి.

కర్వేలాస్ ఇంకా కాఫీ ఎందుకు తాగుతున్నాడో నీకు తెలియంది కాదు. అన్నయ్య పోయిన ఆర్నెల్లకే గాలి మారింది, మంత్రి పక్షం గద్దెనెక్కింది, వాడు కోటు తిరగేసి తొడుక్కున్నాడు, తరవాత మళ్ళీ తిరగేశాడు. ఆ కాగితం కోర్టు బీరువాలోంచి మాయమైంది. లేని కాగితం మీద ఎవణ్ణీ బోనెక్కించలేను. అందుకే పార్లమెంటు దారి పట్టాను, పదవి ఉంటే వాణ్ణి కదిలించవచ్చని. మొన్న మార్చిలో అదీ పోయింది. నూట పన్నెండు ఓట్లతో ఓడిపోయాను. కొండ మీది ఎనిమిది ఊళ్ళూ కర్వేలాస్ గుప్పిట్లో ఉన్నాయి. వాడు దగ్గితే అవి తుమ్ముతాయి.

ఇప్పుడు కూర్చుని చదువు. నిలబడి చదవొద్దు.

పోయిన మంగళవారం కర్వేలాస్ నా ఆఫీసుకి వచ్చాడు. అవును, వాడే. కర్ర పట్టుకుని మూడంతస్తులు ఎక్కి, అర్జీలతో వచ్చిన రైతుల మధ్య బెంచీ మీద గంటన్నర కూర్చున్నాడు. లోపలికి పిలిచాను. "మా పార్టీ నన్ను ముసలి గాడిదని చేసింది పెరియాండ్రోస్, నా సీటు కలమాతా సబ్బుల వ్యాపారికి ఇచ్చారు" అన్నాడు. తరవాత టోపీ ఒళ్ళో పెట్టుకుని అసలు మాట చెప్పాడు. "నా మనవడికి నువ్వు జ్ఞానతండ్రివి కావాలి. నువ్వూ నేనూ కుంబారోస్‌లం, జ్ఞానస్నానంతో కలిసిన చుట్టాలం, అయితే ఆ పాత సంగతి మట్టిలో కలుస్తుంది. ఆ ఎనిమిది ఊళ్ళూ నీవి."

నేను ఒప్పుకున్నాను.

నా సంగతి నీకు తెలుసు కదా. నియోజకవర్గంలో ఇప్పటికి అరవై ముగ్గురికి జ్ఞానస్నానం చేయించాను. అందరూ మగపిల్లలే. నాకంటే ముందున్న ముసలి ప్రతినిధి చేసిన తప్పు నేను చెయ్యలేదు. ఆయన ఒకే ఊళ్ళో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఎడాపెడా ఎత్తుకున్నాడు. ఒకే జ్ఞానతండ్రి ఎత్తిన పిల్లలు అన్నాచెల్లెళ్ళు అవుతారు, పెళ్ళి కుదరదు. ఇరవై ఏళ్ళకి ఊళ్ళో ఎవరికీ ఎవరూ దొరకలేదు. తల్లులంతా కలిసి ఆయన్ని ఓడించారు. అంతమంది ఉన్నప్పుడు అరవై నాలుగోవాడు ఒకడు ఎక్కువైతే ఏమవుతుంది?

ఈస్టర్ తరవాత ఆదివారం ముహూర్తం. పేరు తాత పేరే, జెనోఫోన్. మాట ఇచ్చాను.

నీ తమ్ముడు
పెరియాండ్రోస్


మురియా
జనవరి 9, 1934

పెరియాండ్రోస్ గారికి,

తమరు దేశానికి ప్రతినిధులు, మేము ఆలివ్ కాయలు ఏరుకునేవాళ్ళం. అందుకే గారు పెట్టాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఇది నీ రాత కాదేమో అనుకున్నాను. రెండోసారి నీకు జ్వరమేమో అనుకున్నాను. మూడోసారి నాకు అర్థమైంది. పొయ్యిలో పెట్టాను.

ఆ పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని నూనె పూస్తావా? ఆ ఇంట్లో గొర్రె మాంసం తింటావా? వాడి చేతిలోంచి గ్లాసు అందుకుని "నిండు నూరేళ్ళు కుంబారే" అంటావా? జ్ఞానస్నానం అంటే ఏమిటో నీకు చెప్పాలా? ఒకసారి ఆ పిల్లాణ్ణి నీళ్ళలోంచి ఎత్తాక నువ్వు వాడికి తండ్రివి. ఆ ఇంటి మీద చెయ్యెత్తితే నీ ఇంటి మీద ఎత్తినట్టే. పగ తీర్చుకునే దారి నీ చేత్తో నువ్వే మూసేస్తున్నావు. నూట పన్నెండు ఓట్ల కోసం అన్నయ్యని అమ్ముకుంటున్నావు. ఇంత చవగ్గా కర్వేలాస్ కూడా అమ్మలేదు.

స్తమాతా అంటుంది, "పోనీలే అసిమీనా, ఎన్నాళ్ళని, క్రీస్తు కూడా మన్నించాడు కదా" అని. "క్రీస్తుకి చెల్లెలు లేదు" అన్నాను.

ఆ కుప్ప దగ్గర ఆ రోజు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. మిగతా సగం చెప్పే పరిస్థితి ఉంటే చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను.

ఏప్రిల్‌లో నువ్వు ఊరికి వస్తే నా గుమ్మం తొక్కకు. కుక్కని కట్టెయ్యను.

అసిమీనా


ఏథెన్స్
ఏప్రిల్ 2, 1934

అక్కా,

మూణ్ణెల్లుగా నువ్వు రాయలేదు. నేనూ రాయలేదు. నీకు ఏం చెప్పినా నువ్వు దాచలేవు. నీ ముఖం చూసి స్తమాతాకి తెలిసిపోతుంది, స్తమాతాకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఆదివారం గుడికి రా. రానంటే కనీసం వాకిట్లో కూర్చో. ఇంట్లో దూరి గడియ వేసుకోకు.

పెరియాండ్రోస్


మురియా
ఏప్రిల్ 16, 1934

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న మధ్యాహ్నం నువ్వు కారెక్కి వెళ్ళిపోయావు. వాకిట్లో నన్ను చూసి టోపీ తీశావు, ఆగలేదు. ఆగి ఉంటే నీ రెండు చెంపలూ వాయించి ఆ తరవాత ముద్దు పెట్టుకునేదాన్ని. ఏది ముందో నాకే తెలియదు.

గుడికి రాలేదు. నువ్వు చెప్పావని కాదు, ఎండ బాగుందని వాకిట్లో కూర్చుని శనగలు బాగుచేసుకుంటున్నాను. అవతల గంట మోగింది. నీ గొంతు నాకు ఇక్కణ్ణుంచే వినపడుతున్నట్టనిపించి పళ్ళు నూరుకుంటున్నాను.

ఇంతలో గుడి దగ్గర్నుంచి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. నీకు తెలుసుగా, తల్లి ఇంట్లోనే ఉంటుంది, జ్ఞానతండ్రి నోట్లోంచి పేరు రాగానే ముందు వెళ్ళి చెప్పినవాళ్ళకి బాదం మిఠాయి. పాతికమంది పిల్లలు, కాళ్ళకి చెప్పుల్లేకుండా, మన వీధి గుండా, గొంతు చించుకుని అరుస్తూ పోయారు.

"ఎఫ్తీమియోస్! ఎఫ్తీమియోస్! ఎఫ్తీమియోస్!"

శనగల చేట జారిపోయింది. ఆ పేరు ఈ వీధిలో ఎవరైనా గట్టిగా పలికి పదిహేడేళ్ళయింది. అమ్మ కూడా పోయేదాకా లోగొంతుతోనే అనేది. పిల్లలకేం తెలుసు, మిఠాయి కోసం అరుస్తున్నారు. మన ఇంటి గోడ దాటారు, బడి గోడ దాటారు, తిన్నగా కర్వేలాస్ గుమ్మంలోకి వెళ్ళి అరిచారు. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. స్తమాతా నీళ్ళు తెచ్చి "నీ తమ్ముడికి పిచ్చెక్కిందా?" అంది. "లేదు, ఇప్పుడే కుదిరింది" అన్నాను.

లోపల ఏం జరిగిందో అందరూ తలో రకంగా చెప్తున్నారు. నువ్వు రాయి. ఒక్క మాట కూడా వదలకుండా రాయి. నాకు పళ్ళెంలో పెట్టినట్టు కావాలి.

జనవరిలో నేను రాసింది పొయ్యిలో పెట్టు.

నీ అక్క
అసిమీనా


ఏథెన్స్
మే 6, 1934

అక్కా,

ఇదిగో నీ పళ్ళెం.

గుడి నిండా జనం. ముందు వరసలో ముసలాడు, పెళ్ళికొడుకులా కొత్త కోటు, మీసానికి నూనె. పక్కన ఎనిమిది ఊళ్ళ పెద్దలు. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని పడమటి వైపు తిరిగి సైతానుని మూడుసార్లు ఛీ కొట్టి ఉమ్మేశాను. ఆ మూడోసారి కొంచెం గట్టిగానే ఉమ్మాను. విశ్వాస ప్రమాణం తడుముకోకుండా చదివాను. ముసలాడు తల ఊపాడు, నా కుంబారోస్ చదువుకున్నవాడని పక్కవాడికి చెప్తున్నాడు.

ఫాదర్ ఆర్సేనియోస్ తొట్టి దగ్గర నిలబడి "పేరు?" అన్నాడు.

"ఎఫ్తీమియోస్" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. ఆయనే కదా ఆ రోజు అందరికంటే ముందు రాయి వేసింది. చెయ్యి నూనె గిన్నెలోనే ఉండిపోయింది. మళ్ళీ "పేరు?" అన్నాడు, దారి చూపిస్తున్నట్టు. మళ్ళీ ఎఫ్తీమియోస్ అన్నాను. వెనకాల కర్ర కింద పడిన చప్పుడైంది. "జెనోఫోన్! జెనోఫోన్ అని చెప్పు!" అని ముసలాడు అరిచాడు. మెనేలాస్ లేచి నిలబడ్డాడు. అంతే, ఎవరూ ముందుకు రాలేదు. పేరు జ్ఞానతండ్రి నోట్లో ఉంటుంది. గుళ్ళో దాన్ని లాక్కోవడానికి కర్వేలాస్‌కి కూడా చెయ్యి చాలదు. ఫాదర్ చెమట తుడుచుకుని పిల్లాణ్ణి నీళ్ళలో ముంచాడు. "దేవుని దాసుడు ఎఫ్తీమియోస్ జ్ఞానస్నానం పొందుతున్నాడు" అన్నాడు, మూడు ముంపులకీ. పిల్లలు అప్పటికే తలుపు దాటేశారు.

పిల్లాణ్ణి తల్లికి అప్పగించాలి కదా, వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ముసలాడు గుమ్మంలో నిలబడ్డాడు. "మాట తప్పావు" అన్నాడు. "నీకు ఒక కాగితం రాయడం వచ్చు, నాకు ఒక పేరు చెప్పడం వచ్చు" అన్నాను. "అన్నానికి పిలువు, నిద్ర లేపు, తిట్టు, ముద్దుపెట్టు, ఏం చేసినా ఆ పేరుతోనే చెయ్యి. ఆరేళ్ళు వచ్చాక వాడే అడుగుతాడు, తాతా, నాకు నీ పేరు ఎందుకు పెట్టలేదని. అప్పుడు జవాబు చెప్పుకో." వాడు నా చేతుల్లోని పిల్లాడి వైపు చూశాడు. పదిహేడేళ్ళుగా నేను కోర్టుల్లో వెతుక్కున్నది ఆ ముఖమే. చూశాను. కడుపు నిండింది.

ఎనిమిది ఊళ్ళూ పోయాయనుకో. పార్టీవాళ్ళు పిలిచి, "దశాబ్దానికి ఒకసారి వచ్చే అవకాశాన్ని తొట్లో ముంచేశావు" అన్నారు. వచ్చే ఎన్నికల్లో నాకు చోటు లేదు. వకీలు కోటు ఉంది, చాలు.

పెరియాండ్రోస్


మురియా
నవంబర్ 25, 1934

తమ్ముడికి,

ఎండుద్రాక్షకి ఈసారి వాన తగిలింది. అది చాలదన్నట్టు ఇంకొకటి.

మొదటి రెండు నెలలూ నాకు పండగే. కర్వేలాస్ ఇంట్లో పిల్లాణ్ణి పేరు పెట్టి పిలవడం లేదని, "బుజ్జిగాడు" అంటున్నారని, ముసలాడు ఆ పిల్లాడి గదిలోకే వెళ్ళడం లేదని కబుర్లు వచ్చేవి. వాడు వరండాలో కూర్చోవడం మానేశాడు. కాఫీ దుకాణంలో ఎవడో "మీ ఎఫ్తీమియోస్ ఎలా ఉన్నాడు" అని అడిగితే కర్ర ఎత్తాడట. నేను నీకు రెండు జున్ను ముద్దలు ఊరికే పంపలేదు.

ఆగస్టులో పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజులు ప్రాణం మీదికొచ్చింది. అయిదో రోజు పొద్దున్న నేను నూతి దగ్గర ఉన్నాను. వాళ్ళ కిటికీ తెరిచే ఉంది. ముసలాడు ఏడుస్తున్నాడు. "థీమియో, నా థీమియో, నన్ను వదిలి పోకురా నా బంగారు థీమియో" అని.

అమ్మ అన్నయ్యని అలాగే పిలిచేది. అచ్చం అలాగే. మొదట కసి తీరింది, ఏడవరా అనుకున్నాను. తరవాత చేద తాడు నా చేతుల్లోనే ఉండిపోయింది. ఆ పేరు అంత ప్రేమగా ఎవరైనా పిలవగా విని ఎన్నేళ్ళయింది? పిలుస్తున్నది ఎవరు?

పిల్లాడు బతికాడు. అప్పట్నుంచీ ముసలాడు వాణ్ణి భుజం దించడు. వరండాలోకి మళ్ళీ వచ్చాడు. "ఎఫ్తీమియో, అదిగో గాడిద చూడు. ఎఫ్తీమియో, తాతకి ముద్దు పెట్టు." ఊరు వింటోంది. ఊరికి అలవాటైపోయింది. మొన్న దుకాణంలో ఒక ఆవిడ "ఎఫ్తీమియోస్ అంటే కర్వేలాస్ గారి మనవడే కదా" అంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, దాని తప్పు కాదు.

నువ్వు వాడికి శిక్ష వేశాననుకున్నావు. బహుమానం ఇచ్చావు. అన్నయ్య ప్రాణం వాడు తీసుకున్నాడు, మిగిలింది పేరొక్కటే. దాన్ని నువ్వు శుభ్రంగా కడిగి, నూనె పూసి, తెల్లగుడ్డలో చుట్టి వాడి ఇంటికే పట్టుకెళ్ళి ఇచ్చావు. నీ మీద నాకు కోపం కూడా రావడం లేదు. కడుపు మాత్రం మండుతోంది.

అసిమీనా


ఏథెన్స్, సైనిక కారాగారం
మే 11, 1935

అక్కా,

భయపడకు, ఎల్లుండి బయటికి వస్తున్నాను. మార్చి తిరుగుబాటు తరవాత మంత్రి పక్షంలోని మావాళ్ళందరినీ పట్టుకొచ్చినట్టే నన్నూ తెచ్చారని పేపర్లో చూసే ఉంటావు. సంగతి తేలేదాకా రాయకూడదనుకున్నాను.

నా మీద ఉన్న నేరం విను. తిరుగుబాటుకి మురియాలో మనుషుల్ని పోగుచేశానట, బళ్ళో తుపాకులు దాచానట. అవును అక్కా, బళ్ళోనే. ఇరవై ఏళ్ళకి కూడా వాళ్ళకి కొత్త అబద్ధం దొరకలేదు. కాగితం సిద్ధంగా రాసుకుని సంతకానికి కర్వేలాస్‌ని పిలిపించారు.

వాడు సంతకం పెట్టలేదు. కోర్టులో నిలబడి, "మార్చి ఒకటిన ఈయన ఏథెన్స్‌లో జ్వరంతో పడి ఉన్నాడు, మురియాకి రాలేదు, బళ్ళో తుపాకులు లేవు" అన్నాడు. ప్రాసిక్యూటర్ బెదిరించాడు. "నా మనవణ్ణి నీళ్ళలోంచి ఎత్తినవాడయ్యా, వాడి మీద నా చెయ్యి రాదు" అన్నాడు. జడ్జీలు నన్ను వదిలేశారు. నా పక్క బోనులోవాడికి యావజ్జీవం పడింది.

వెళ్తూ నా దగ్గర ఆగాడు. "పిల్లాడికి పళ్ళు వచ్చాయి కుంబారే" అన్నాడు. అంతే అన్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఎవడి చావు కోరుకున్నానో వాడి మాట మీద బతికి బయటపడ్డాను. నేను అలసిపోయానక్కా. ఇక వదిలేద్దామా? నువ్వు సరే అంటే వదిలేస్తాను.

పెరియాండ్రోస్


మురియా
జనవరి 21, 1936

ఒరేయ్ పెరియాండ్రోస్,

వదిలేద్దామా అని అడిగి ఎనిమిది నెలలైంది. జవాబు ఆలస్యం చేశాను. ముందు చెయ్యాల్సిన పని ఒకటి ఉంది, అది చేసి రాస్తున్నాను.

నిన్న సెయింట్ ఎఫ్తీమియోస్ రోజు. పేరు పండగకి ఎవరూ ఎవర్నీ పిలవరు, తలుపు తెరిచి పెడతారు, గడప దాటి వచ్చినవాళ్ళకి తీపి పెట్టాలి. శత్రువైనా సరే. వచ్చే ఆదివారమే ఎన్నికలు కదా, కర్వేలాస్ ఇంట్లో అభ్యర్థులూ పెద్దలూ ఈగల్లా మూగారు. నేను నీ నల్ల శాలువా కప్పుకుని లోపలికి నడిచాను.

మెనేలాస్ భార్య పాపం గబగబా పళ్ళెం తెచ్చింది, సీమదానిమ్మ తీపి, నీళ్ళు. ఒక చెంచా తిన్నాను. "పేరు నిలవాలి" అన్నాను, అనాల్సిన మాటే.

ముసలాడు పెద్ద కుర్చీలో ఉన్నాడు, కాళ్ళ దగ్గర పిల్లాడు. రెండేళ్ళు నిండాయి, నల్లటి కళ్ళు, పాడు పిల్లాడు అందంగా ఉన్నాడు. "రా కుంబారా, కూర్చో" అన్నాడు ముసలాడు.

"నేను నీకు కుంబారాని కాను. ఎఫ్తీమియోస్ చెల్లెల్ని. పెద్ద ఎఫ్తీమియోస్."

"మీ తమ్ముణ్ణి జైల్లోంచి నేనే తెచ్చాను అసిమీనా. మా కోసం నిజం చెప్పాడని ఒక్క దండమైనా పెట్టలేదు నువ్వు."

"దానికే వచ్చాను. అంటే నీకు నిజం చెప్పడం వచ్చన్నమాట. పద్దెనిమిదేళ్ళుగా రాదేమో అనుకున్నాను. బళ్ళో తుపాకులు లేవని ఎంత చక్కగా చెప్పావట! అప్పుడు కూడా లేవు కదా జెనోఫోన్. ఆ మాట అప్పుడెందుకు చెప్పలేదు?"

ముసలాడి ముఖం ఎర్రబడింది. "నా నోరు తెరిపించకు. నువ్వు కూడా రాయి వేశావు. చెప్పమంటావా వీళ్ళందరికీ?"

"నేనే చెప్తాను" అన్నాను. చెప్పాను. వాళ్ళకి చెప్పిందే నీకూ రాస్తున్నాను, నేను దాచిన సగం ఇదే. ఆ రోజు అన్నయ్యని చేతులు కట్టి బండెక్కించారు. నేను ఈ మనిషి కాళ్ళ మీద పడ్డాను. "నువ్వు మీ ఇంటి తరపున ఒక్క రాయి వెయ్యి, మీ అన్నని దింపేయిస్తాను" అన్నాడు. బడి గడప దగ్గర విరిగిన పాలరాయి ముక్క ఒకటి ఉంది, అదే చేతికి అందింది. తీసుకెళ్ళి వేశాను. తలెత్తి చూస్తే బండి మీంచి అన్నయ్య నన్నే చూస్తున్నాడు. బండి కదిలింది. అన్నయ్య నన్ను చూసింది అదే ఆఖరు. నేను రాయి వెయ్యడం చూస్తూ పోయాడు పెరియాండ్రో. నీ మీద ఇన్నేళ్ళు అరిచిన అరుపులన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పుడు నీకు తెలిసింది.

మొన్న, పందొమ్మిదో తేదీన, ఆ కుప్ప దగ్గరికి మొదటిసారి వెళ్ళాను. తెల్లది కదా, ఇట్టే దొరికింది. శాలువా కింద పెట్టుకుని తెచ్చాను. నిన్న అందరి ముందూ బయటికి తీసి తీపి పళ్ళెంలో పెట్టాను. "నాది నేను తీసేశాను" అన్నాను. "నీది ఎప్పుడు తీస్తావు?"

ఫాదర్ ఆర్సేనియోస్ గోడ వైపు తిరిగిపోయాడు. ముసలాడు కర్ర కోసం వెతుక్కున్నాడు. ఇంతలో ఆ పిల్లాడు లేచి వచ్చి పళ్ళెంలోంచి రాయి తీశాడు. రెండు చేతులతో పట్టుకుని, తడబడుతూ నడిచి, తాత ఒళ్ళో పెట్టాడు.

"తాతా, ఇదిగో."

వాడికి ఆటే. ముసలాడు దాన్ని విసిరెయ్యలేకపోయాడు, పిల్లాడు చూస్తున్నాడు మరి. కళ్ళ నీళ్ళు మీసాల్లోకి కారాయి. నాకు జాలి వేస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను. వెయ్యలేదు.

పిల్లాడు నా శాలువా అంచు పట్టుకుని "ఇంకోటి?" అన్నాడు.

"వచ్చే ఏడు తెస్తాను థీమియో" అన్నాను.

వదిలేద్దామా అన్నావు కదా. నువ్వు వదిలెయ్యి, నీ వంతు అయింది, చక్కగా చేశావు. ఆ ఇంటి తలుపు ఏటా ఒక రోజు నా కోసం తెరిచే ఉంటుంది, అన్నయ్య పేరు మీద. కుప్పలో ఇంకా చాలా ఉన్నాయి. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

నీ అక్క
అసిమీనా